పాకానికి దుర్భిణి: ఇంటి షర్బత్‌ల కోసం కొన్న బ్రిక్స్ మీటరు పనికొచ్చిందా?

ఈ వేసవిలో మా వంటింట్లోకి వచ్చిన కొత్త వస్తువు ఇది. జానెడు పొడవు నల్ల గొట్టం. ఒక చివర కంటికి ఆనించుకునే రబ్బరు, ఇంకో చివర వాలుగా కోసిన గాజు, దాని మీద పారదర్శకమైన మూత. అసలు పేరు రిఫ్రాక్టోమీటరు, వాడేవాళ్లు బ్రిక్స్ మీటరు అంటారు. గాజు మీద రెండు చుక్కల పాకం వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి చూస్తే పైన నీలం, కింద తెలుపు, మధ్యలో ఒక గీత. ఆ గీత ఏ అంకె దగ్గరుంటే అందులో చక్కెర సుమారుగా అంత శాతం. ఆ అంకెనే బ్రిక్స్ అంటారు. చెరకు మిల్లుల్లో, ద్రాక్ష తోటల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఎప్పట్నుంచో వాడుతున్నదే. మా అత్త మాత్రం ఒకసారి కన్ను పెట్టి చూసి, "పాకం చూసేకి దుర్భిణి కావల్నా ఏందమ్మే?" అంది.

కొన్నింటికి కావాలి. కొన్నింటికి అత్త వేళ్లే చాలు. ఒకదాని దగ్గర మాత్రం దీన్ని నమ్ముకుంటే ప్రమాదం. ఆ మూడూ చెబుతాను.

మాది నంద్యాల. ఉగాది దాటిందంటే మా ఇంట్లో సీసాలు కడిగే పని మొదలవుతుంది. నన్నారి, నిమ్మ, బంగినపల్లి మామిడి, ఈమధ్య క్యారెట్-అల్లం. మాకు, ఆడపడుచుల ఇళ్లకు, వీధిలో అడిగినవాళ్లకు. మంచినీళ్లలో కలుపుకుని తాగే చిక్కటి రసాలే అన్నీ. మా చిన్నప్పుడు అన్నిటినీ షర్బత్ అనేవాళ్లం. సీసా మీద చీటీలకు వేరే లెక్కలున్నాయి. మన దేశపు ఆహార నియమాల ప్రకారం పండ్ల రసం కనీసం 25 శాతం ఉండాలి. ఆపైన కరిగిన ఘన పదార్థం, అంటే ముఖ్యంగా చక్కెర, స్క్వాష్‌కి కనీసం 40, క్రష్‌కి 55, సిరప్‌కి 65. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఈ నియమాలతో పని లేదు కానీ, ఆ అంకెల వెనక ఉన్న కారణంతో చాలా పని ఉంది. 65 దాటితే చక్కెరే రసాన్ని కాపాడుతుంది. అంతకంటే తగ్గితే కాపాడే పని ఇంకెవరో చెయ్యాలి: పులుపు, ఫ్రిజ్, లేకపోతే పాడవకుండా నిల్వ ఉంచే మందు.

ముందు కొనేటప్పటి గొడవ. వీటిలో ఎక్కువగా అమ్ముడయ్యేది 0–32 స్కేలు ఉన్న రకం. పండు తీపి చూడటానికి, చెరకు రసానికి అది సరిపోతుంది. స్క్వాష్‌కి సరిపోదు, పాకానికి అసలు పనికిరాదు. నేను ఆర్డరు పెట్టింది 0–80 రకం. ఆన్‌లైన్‌లో అమ్మిన ఆయన పంపింది 0–32. పెట్టె మీద మాత్రం 80 అనే ఉంది! నన్నారి పాకం వేసి చూస్తే గీతే లేదు, కళ్లముందు అంతా తెల్లగా. స్కేలు దాటిపోతే అలా తెల్లగానే కనబడుతుంది. ఫోను చేస్తే "మేడం, ఫోకస్ తిప్పండి" అన్నారు. లోపలి స్కేలుకు ఫోన్ కెమెరా ఆనించి ఫోటో తీసి పంపాక గానీ మార్చలేదు. రెండోది సరైనదే వచ్చింది. పదిహేను వందల లోపే అయింది. పెట్టెలో పిల్లలు మందు తాగే డ్రాపర్ లాంటిదొకటి, బుల్లి స్క్రూడ్రైవరు, తుడుచుకునే గుడ్డ, చీమ తలకాయంత అక్షరాలతో ఒక కాగితం ఉన్నాయి. ఆ కాగితాన్ని చదవడానికి నిజంగానే దుర్భిణి కావాలి.

వాడే ముందు సున్నా సరిచెయ్యాలి. డిస్టిల్డ్ వాటర్ అంటే ఎక్కడో వెతకనక్కర్లేదు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లే. రెండు చుక్కలు వేసి, గీత సున్నా మీదికి వచ్చేదాకా స్క్రూ తిప్పాలి. ఇక్కడ మన ఊళ్లకు సంబంధించిన తిరకాసు ఒకటుంది. ఈ మీటర్లన్నీ 20 డిగ్రీల వేడికి తయారైనవి. "ఏటీసీ" అని రాసి ఉంటే వేడిని బట్టి అదే సర్దుకుంటుంది, కానీ ఆ సర్దుబాటు మామూలుగా 10 నుంచి 30 డిగ్రీల వరకే. మే నెలలో మధ్యాహ్నం నంద్యాల వంటింట్లో 30 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? వేడి ఎక్కువయ్యేకొద్దీ అంకె తగ్గుతుంది, సర్దుబాటు లేకపోతే డిగ్రీకి సుమారు 0.08 చొప్పున. 40 డిగ్రీల్లో చూస్తే ఒకటిన్నర తేడా. దీనికి ఖర్చు లేని మందు ఉంది. మీటరూ, సున్నా చూసే నీళ్లూ, పాకం చుక్కా మూడూ ఒకే గదిలో ఒకే వేడికి వచ్చాక అప్పటికప్పుడు సున్నా సరిచేసుకుని చూడటమే. నేను పొద్దున్నే చూస్తాను. పొయ్యి మీది పాకాన్నయితే ఒక చెంచాలోకి తీసి, మీద ఇంకో చెంచా బోర్లించి, చల్లారాక వేస్తాను. మూత లేకపోతే చల్లారేలోపు నీరు ఆవిరై అంకె పెరుగుతుంది.

ఇప్పుడు నన్నారి. సుగంధి పాల వేర్లు తెచ్చి, మట్టి పోయేదాకా కడిగి, రోట్లో నలగ్గొట్టి, మధ్యలో ఉండే కట్టె లాంటి ఈనె తీసేస్తాం. వాసనంతా పై బెరడులోనే. దాన్ని వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున వడగట్టి, చక్కెర వేసి కాస్తాం. లీటరు కషాయానికి అత్త వేసేది కిలోన్నర. అంటే మొదట 60 దగ్గర ఉంటుంది. సన్న మంట మీద మరుగుతూ మరుగుతూ పైకి ఎక్కాలి. ఎక్కడ దించాలన్నదే కీలకం. అత్త ఒక చుక్క పళ్లెంలో వేసి, ఊది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, జిగురు తెలియగానే, తీగ సాగకముందే "దించు" అంటుంది. ఈ ఏడు ఆమె దించమన్న ప్రతిసారీ నేను ఒక చెంచా పక్కకు తీసి పెట్టి, చల్లారాక మీటరు కింద చూశాను. 66. ఇంకోసారి 66.5. మళ్లీ 66. ఆమెకు ఈ అంకెలతో పని లేదు, చెబితే "సరేలేమ్మే, సీసాలు ఎండినాయా చూడు" అంది.

ఆ 66 ఎందుకు గొప్పో చెప్పాలి. 65 కంటే తక్కువైతే బయట పెట్టిన సీసాలో బూజు, పులిసిన వాసన మొదలవుతాయి. మరీ ఎక్కువైతే ఇంకో తంటా: మామూలు గది వేడిలో నీళ్లు పట్టుకోగలిగే చక్కెర దాదాపు 67 శాతమే, మిగిలింది మెల్లగా గడ్డకట్టి అడుక్కి చేరుతుంది. పోయినేడు మా ఆడపడుచు సొంతంగా చేసిన నన్నారి సీసా అడుగున కలకండ పేరుకుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ఎక్కువైంది. ఈసారి ఆమె దించిన పాకం చిన్న డబ్బాలో పంపించమని చూస్తే 71. కాస్త కషాయం కలిపి మళ్లీ ఒక పొంగు రానిచ్చి 66కి దించుకోమన్నాను. ఇప్పటిదాకా గడ్డకట్టలేదు. అంటే అత్తకు మీటరు అక్కర్లేదు, ఆమె కూతురికి కావాలి. వేళ్లలో ఉన్న విద్య ఫోనులో చెబితే రాదు, అంకె అయితే చెప్పొచ్చు. నా దృష్టిలో ఈ వస్తువుకు పెట్టిన డబ్బు ఇక్కడే తీరిపోయింది.

నిమ్మకు సంగతి వేరు. నిమ్మరసాన్ని మేము కాచం, కాస్తే చేదు ఎక్కుతుంది, వాసన పోతుంది. చక్కెర నీళ్లు విడిగా కాచి, బాగా చల్లారాక రసం కలుపుతాం. కాబట్టి చివర వేళ్ల మధ్య పట్టి చూసే పాకమంటూ ఉండదు. లీటరు రసం, లీటరు నీళ్లు, రెండు కిలోల చక్కెర అన్నది చాలామంది వాడే కొలత. మీటరులో 51 చూపించింది, లెక్క వేసినా అంతే రావాలి. కొలతలు తూకంతో వేసుకునేవాళ్లకు ఇక్కడ మీటరు దండగ. గ్లాసులతో, గిన్నెలతో కొలిచేవాళ్లకైతే ఒకసారి చూసుకోవడం మంచిది. చక్కెర నీళ్లు కాస్త ఎక్కువసేపు మరిగినా, వడగట్టేటప్పుడు గుడ్డకు ఎక్కువ అంటుకున్నా, 51 కాస్తా 47 అవొచ్చు, 55 అవొచ్చు.

51 దగ్గర చక్కెర ఒక్కటే కాపాడలేదు కాబట్టి, నెలల తరబడి బయట ఉంచేవాళ్లు కేఎంఎస్ కలుపుతారు. పొటాషియం మెటాబైసల్ఫైట్. బేకరీ సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతుంది. అనుమతి ఉన్నది సల్ఫర్ డయాక్సైడ్ లెక్కన కిలోకి 350 మిల్లీగ్రాముల వరకు, అంటే కిలో స్క్వాష్‌కి 0.6 గ్రాముల కేఎంఎస్. "చిటికెడు" అని చెప్పేవాళ్ల మాట వినొద్దు, 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు కొనుక్కోండి. చెంచాడు నీళ్లలో కరిగించి, రసం పూర్తిగా చల్లారాకే కలపాలి. ఆయాసం, అంటే ఆస్తమా ఉన్నవాళ్లకు ఇది పడకపోవచ్చు. మా మామకు ఆ ఇబ్బంది ఉంది, అందుకే ఆయన సీసాలో కలపం, ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా ఖాళీ చేస్తాం. నేరేడు, నల్లద్రాక్ష లాంటి రంగు పండ్లలో కేఎంఎస్ వేస్తే రంగు వెలిసిపోతుంది, వాటికి సోడియం బెంజోయేట్ వాడతారు.

మామిడి దగ్గర ఈ మీటరు మీద అందరికీ ఉండే భ్రమ ఒకటి తొలగిపోయింది. బనగానపల్లె మాకు దగ్గరే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చాక బంగినపల్లి పేరు పెట్టి అమ్మేవాళ్లు పెరిగారు గానీ, పండు తీపి మాత్రం తోటను బట్టీ నెలను బట్టీనే. ఏప్రిల్‌లో తెచ్చిన పండు రసం 14 చూపించింది, మే చివర తెచ్చింది 19. అబ్బో, ఇంత తేడా ఉంటే చక్కెర ఎంత ఆదా అవుతుందో అనుకున్నాం. కాగితం మీద వేసి చూస్తే, కిలో గుజ్జుతో నాలుగు కిలోల స్క్వాష్, 45 బ్రిక్స్ కావాలంటే మొత్తం 1.8 కిలోల తీపి ఉండాలి. అందులో గుజ్జు నుంచి వచ్చేది ఒకసారి 140 గ్రాములు, ఇంకోసారి 190. తేడా 50 గ్రాములు, అంతే. మూడు నాలుగు చెంచాల చక్కెర కోసం ఎవరూ మీటరు కొనక్కర్లేదు. పైగా గుజ్జు నేరుగా వేస్తే గీత మసకగా వస్తుంది. పల్చటి గుడ్డలో ఒక చెంచాడు పిండి, ఆ చుక్క వెయ్యాలి. పండు కొనేటప్పుడు తోట దగ్గర బేరానికి మాత్రం బాగుంటుంది. రైతుకు అంకె చూపించినప్పుడు ఆయన కూడా ఆసక్తిగా కన్ను పెట్టి చూశాడు. ధర తగ్గించలేదనుకోండి.

ఇక ప్రమాదం అన్నది క్యారెట్ దగ్గర. కూరగాయలతో షర్బత్ అంటే ముఖం చిట్లించేవాళ్లున్నారు. వందేళ్లకు పైగా ఉన్న రూహ్ అఫ్జా షర్బత్‌లో క్యారెట్, పాలకూర కూడా ఉంటాయని చెబితే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. క్యారెట్-అల్లం మాకు బాగా నచ్చింది. కానీ నిమ్మ, మామిడి దగ్గర నడిచే ధీమా ఇక్కడ నడవదు. పండ్లలో పులుపు ఉంటుంది, క్యారెట్‌లో లేదు. పులుపును చెప్పే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే అంత పులుపు. క్యారెట్‌ది 6 దగ్గర. 4.6 కంటే పైన ఉండి, గాలి ఆడని సీసాలో, ఫ్రిజ్ బయట ఉంటే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే క్రిమి పెరగొచ్చు. రుచి, వాసన, రంగు ఏదీ చెప్పదు. 2006లో అమెరికాలో సీసా క్యారెట్ జ్యూసు సరైన చల్లదనంలో ఉంచక తాగినవాళ్లకు కండరాలు చచ్చుబడిపోయాయి. ఇక్కడ బ్రిక్స్ మీటరు ఏం చెబుతుంది? 49 అంటుంది. చక్కెర సరిగ్గా ఉందని చెబుతుంది, పులుపు గురించి ఒక్క మాట చెప్పదు. గీత సరిగ్గా ఉంది కదా అని సీసా బయట పెట్టేవాళ్లుంటారనే నా టెన్షన్.

మేము చేసేది ఇలా. లీటరు క్యారెట్ రసానికి 300 మిల్లీలీటర్ల నిమ్మరసం, 50 మిల్లీలీటర్ల అల్లం రసం, 15 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), కిలో 600 గ్రాముల చక్కెర, అర లీటరు నీళ్లు. అల్లం రసాన్ని పావుగంట కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి దిగుతుంది, పైది మాత్రమే వంచుకోవాలి, లేకపోతే సీసా అడుగున సున్నం దిగినట్టు కనబడుతుంది. క్యారెట్ రసాన్ని చక్కెరతో ఒక పొంగు రానిచ్చి, చల్లారాక మిగతావి కలుపుతాం. అప్పుడు మీటరుతో పాటు పీహెచ్ కాగితం ముంచి చూస్తాం. పెట్టె మీది రంగులతో పోల్చుకుంటే మాకు 3, 3.5 మధ్య వస్తుంది. 4 దాటితే ఇంకాస్త నిమ్మ ఉప్పు. ఇంత చేసినా ఈ సీసా మా ఇంట్లో ఫ్రిజ్ దాటదు. సొర, బూడిదగుమ్మడి, బీట్‌రూట్, ఏది చేసినా ఇదే పద్ధతి. చేతిలో డబ్బు తక్కువుండి మీటరో, పీహెచ్ కాగితమో ఒకటే కొనగలిగితే, కూరగాయలతో చేసేవాళ్లు కాగితమే కొనండి. దానికయ్యేది నూటయాభై.

నేను కొనేటప్పుడు అనుకోని ఉపయోగం ఒకటి, కలుపుకునే కొలత. ఇంటికొచ్చినవాళ్లకు ఒకసారి పలచగా, ఒకసారి గొంతు పట్టేసేలా ఇస్తుంటాం కదా. మా ఇంట్లో అందరికీ నచ్చిన గ్లాసును మీటరు కింద పెడితే 12 వచ్చింది. ఆ లెక్కన 51 నిమ్మకు ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు, 66 నన్నారికి ఒకటికి ఆరు. ఇప్పుడు సీసా మీద చీటీలో అదే రాస్తున్నాం. నన్నారిలో నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేసే మా ఊరి పద్ధతికి ఆరు కొంచెం తీపే, ఏడు పోసుకోవచ్చు.

వస్తువు నాణ్యత గురించి. గొట్టం బరువుగా, గట్టిగా ఉంది. కంటి దగ్గర రబ్బరు నెల తిరక్కుండానే ఊడిపోయి వస్తోంది, నొక్కి పెట్టుకుంటున్నాం. స్కేలులో అర బ్రిక్స్‌కి ఒక గీత, ఇంటి పనికి చాలు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు జోడు తీసేసి ఫోకస్ తిప్పుకోవాలి. ట్యూబ్‌లైట్ కింద గీత పేలవంగా ఉంటుంది, కిటికీ వెలుతురులో పదునుగా. వాడాక కొళాయి కింద కడగొద్దు, గొట్టంలోకి నీళ్లు దిగితే లోపల ఆవిరి పట్టేస్తుంది. తడిగుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడిస్తే చాలు. తుడవకుండా వదిలేస్తే పాకం ఎండి, రేపటి అంకెలో కలుస్తుంది. అంట్లతో పాటు మాత్రం వెయ్యకండి, స్టీల్ పీచు తగిలితే గాజు గీరుకుపోతుంది. చిన్న తెర మీద అంకె చూపించే డిజిటల్ రకాలు కూడా ఉన్నాయి, ధర బాగా ఎక్కువ. ఇంటికి అవసరం కనబడలేదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. అర మార్కు రబ్బరుకు, మిగతాది పెట్టెలో వచ్చిన చీమ అక్షరాల కాగితానికీ, తప్పు మీటరు పంపినందుకూ. ఏడాదికి ఒక సీసా చేసుకునేవాళ్లకు వద్దు. పెద్దవాళ్ల చేతి కొలతలను అంకెల్లోకి దించి పెట్టుకోవాలనుకునేవాళ్లు, నలుగురైదుగురికి సీసాలు పంపేవాళ్లు కొనండి. వచ్చిన రోజే, వాపసు గడువు ఉండగానే, త్రాసులో 50 గ్రాముల చక్కెర, 50 గ్రాముల నీళ్లు తూచి, గోరువెచ్చగా పూర్తిగా కరిగించి, చల్లారాక రెండు చుక్కలు వేసి చూడండి. గీత 50 మీద ఉండాలి. అరకి అటూ ఇటూ ఉంటే పర్వాలేదు. అంతా తెల్లగా ఉంటే మీకూ 32 రకమే వచ్చినట్టు.